చివరి లాపు దాకా ఛార్జింగు

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు కబురు చేసినప్పుడు మేం నలుగురం ఫోన్లోనే నవ్వుకున్నాం. పదో తరగతి పరీక్షలో తప్ప మేం వ్యాసం రాసింది లేదు. చివరికి మాకు బాగా తెలిసిన విషయమే రాద్దామని నిర్ణయించుకున్నాం. అది ఒక వీడియో గేమ్. సార్లు కోప్పడకుండా చివరిదాకా చదవాలని మనవి.

ముందు మన హాస్టల్ సంగతి. మా రోజుల్లో హాలుకంతటికీ ఒకటే ఛార్జింగు లైటు. కరెంటు పోతే దాని చుట్టూ పుస్తకాలతో మూగేవాళ్ళం. రెండు గంటలు వెలిగేది. ఒకసారి పరీక్షల ముందు రాత్రి కరెంటు పోగానే లైటు పెట్టుకుని కబుర్లు చెప్పుకున్నాం, అంత్యాక్షరి ఆడాం. తెల్లవారుజామున చదువుదామని లేస్తే లైటు కళ్ళు మూసింది, కరెంటు ఇంకా రాలేదు. ఆ రోజు సోషల్ పరీక్ష ఎలా రాశామో మాకే తెలుసు.

డిగ్రీ అయ్యాక 2019లో పోటీ పరీక్షల కోసం అమీర్‌పేటలో ఒక గది తీసుకున్నాం. మాలో ఒకడు పాత లాప్‌టాప్ కొన్నాడు. అందులో 'ఎఫ్1 2018' అనే ఫార్ములా వన్ గేమ్ ఉంది. ఆదివారం సాయంత్రం మాత్రమే ఆడాలని, ఓడినవాడు గిన్నెలు తోమాలని నియమం పెట్టుకున్నాం. మొదటి నెల గిన్నెలన్నీ ఒకడే తోమాడు. వాడిని మేం లెక్కల మాస్టారు అంటాం. హాస్టల్లో మా అందరికీ లెక్కలు చెప్పింది వాడే.

ఆ కారులో పెట్రోలు ఇంజనుతోపాటు బ్యాటరీ కూడా ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని ఒక మోటారు కరెంటుగా మార్చి బ్యాటరీలో దాస్తుంది. పొగగొట్టం వైపు వెళ్ళే వేడి వాయువుల నుంచి కూడా ఇంకో యంత్రం కరెంటు తీస్తుంది. అవసరమైనప్పుడు అదే కరెంటు చక్రాలకు బలమిస్తుంది. ఈ గేమ్‌లో ఎంత కరెంటు వాడాలో ఆటగాడే నిర్ణయించాలి. సున్నా నుంచి ఐదు వరకు స్థాయిలు ఉంటాయి. సున్నాలో పెడితే బ్యాటరీ నిండుతుంది, పై స్థాయిల్లో పెడితే కారు దూసుకుపోతుంది, బ్యాటరీ కరిగిపోతుంది.

మాస్టారు మొదటి మలుపు దాటగానే పై స్థాయి నొక్కి వదిలేవాడు. రెండు లాపులు వాడే ముందు. మూడో లాపులో బ్యాటరీ ఖాళీ. తిన్నని దారిలో కంప్యూటరు కార్లు ఒక్కొక్కటే దాటిపోయేవి. మేం చప్పట్లు కొట్టేవాళ్ళం.

ఒకరోజు వాడే కాగితం తీసుకుని లెక్క వేశాడు. ఆ కాలపు నియమాల ప్రకారం లాపుకు బ్యాటరీ నుంచి వాడుకోగలిగింది 4 మెగాజౌల్స్. మోటారు బలం 120 కిలోవాట్లు. భాగిస్తే వచ్చేది 33 సెకన్లు. బెల్జియంలోని స్పా ట్రాక్ పొడవు 7 కిలోమీటర్లు, లాపుకు సుమారు నిమిషం ముప్పావు. అంటే లాపులో మూడో వంతుకే బ్యాటరీ బలం సరిపోతుంది. పైగా బ్రేకుల నుంచి లాపుకు 2 మెగాజౌల్స్ మించి తిరిగి నింపుకోకూడదు. మిగతాది వేడి నుంచే రావాలి.

మరి ఆ 33 సెకన్లు ఎక్కడ వాడాలి? తిన్నని దారి చివర అని మేం అనుకునేవాళ్ళం. అది తప్పు. వేగం ఒకటిన్నర రెట్లయితే గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన బలం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. అందుకే గంటకు 300 కిలోమీటర్ల దగ్గర పోసే కరెంటు చాలావరకు గాలిపాలు. మలుపు నుంచి బయటికి వస్తున్నప్పుడు, వేగం తక్కువగా ఉన్నప్పుడు వాడితే, ఆ లాభం దారి పొడవునా మనతో వస్తుంది. స్పాలో మొదటి మలుపు లా సోర్స్ బయట మొదలుపెట్టి, కెమెల్ స్ట్రెయిట్ సగంలో తగ్గించుకోవాలి. మలుపులున్నచోట సున్నాలో పెట్టాలి. బ్రేకుకు కాస్త ముందే కాలు తీసేస్తే పెట్రోలు కూడా మిగులుతుంది. 2018 బెల్జియం రేసు మొదటి లాపులో వెటెల్ హామిల్టన్‌ను దాటింది ఆ కెమెల్ స్ట్రెయిట్ మీదే.

ఈ లెక్క తెలిశాక వాడు గిన్నెలు తోమడం మానేశాడు. మేం తోమాం.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ అసలు సంగతి ఇది. ఆటలో నేర్చుకున్నది వాడు చదువులో పాటించలేదు. నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచీ రాత్రి రెండింటి దాకా చదివేవాడు, మళ్ళీ ఐదింటికి లేచేవాడు. మెస్సుకు రావడం తగ్గించాడు. మేం ఆపామా? లేదు. "మాస్టారు ఈసారి కొట్టేస్తాడు" అని ఊళ్ళో వాళ్ళమ్మకు కూడా చెప్పాం. రెండు నెలలు వాడే అందరికన్నా ముందు. పరీక్షకు పది రోజులుందనగా జ్వరం వచ్చింది. హాలులో కూర్చున్నాడు గాని, తనకు కొట్టినపిండి అయిన లెక్కలే సగం వదిలేసి వచ్చాడు. ఆ రాత్రి గదిలో ఎవరం మాట్లాడుకోలేదు. ఆటలో చప్పట్లు కొట్టినట్టే వాడి విషయంలోనూ చప్పట్లు కొట్టామని మాకు అప్పుడు అర్థమైంది. మాలో ఇద్దరికి ఉద్యోగాలు వచ్చాయి. ఆ సంతోషం ఇంటికి ఫోన్ చేసి చెప్పడానికి గది బయటికి వెళ్ళాం.

తర్వాత వాడు ఇంకోసారి రాశాడు, కొద్ది మార్కుల్లో పోయింది. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాడు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మేం నలుగురం మళ్ళీ కలిశాం. అవి పూర్తిగా కరెంటు కార్లు. గెలిచిన వెర్న్ వెనుక క్యాసిడీ సెకనులో సగం కూడా తేడా లేకుండా ఉన్నాడు. ఉన్న ఛార్జింగును చివరి గీత దాకా ఎలా పంచుకున్నాడో మాస్టారే మాకు వివరించాడు. ఇక 2026 నుంచి ఫార్ములా వన్ నియమాలు మారాయి. వేడి నుంచి కరెంటు తీసే యంత్రం తీసేశారు, మోటారు బలం 350 కిలోవాట్లకు పెంచారు. బ్యాటరీలో వాడుకోగలిగింది మాత్రం ఆ 4 మెగాజౌల్సే. మాస్టారు లెక్క ప్రకారం పూర్తి బలంతో వాడితే 12 సెకన్లు కూడా రాదు.

తమ్ముళ్ళూ, మీరు తక్కువ చదవమని మేం చెప్పడం లేదు. చివరి లాపులో బ్యాటరీ మిగుల్చుకున్నవాడు కూడా ఓడిపోతాడు. గీత దాటాక మిగిలిన ఛార్జింగుతో పనేమీ లేదు. కాబట్టి ఖర్చుపెట్టండి, కానీ మలుపు చూసుకుని పెట్టండి. వేళకు తినండి, నిద్రపోండి. పక్క మంచం మీది స్నేహితుడు రాత్రంతా మేలుకుంటుంటే చప్పట్లు కొట్టకండి, లైటు ఆర్పి పడుకోబెట్టండి.

ఇది అచ్చుకు ఇచ్చేముందు వాడికి చదివి వినిపించాం. నీ సంగతి తీసేయమంటావా అని అడిగాం. కాసేపు ఆలోచించి, "ఉంచండ్రా. మన హాస్టల్ పిల్లలే కదా చదివేది" అన్నాడు.