ఖాళీ తూటా

జాతీయ కేడెట్ దళమున 1949లో బాలికావిభాగ మేర్పడెను. నేడు మన బాలిక లందు తుపాకి కాల్చుట నేర్చుచున్నారు. మేమును క్రీడగా దానిని నేర్చుచున్నవారమే. గురికంటె ముందుగా మాకు నేర్పబడినది ఖాళీ తూటాను గూర్చిన జాగ్రత్త.

గుండు వెడలిన పిమ్మట ఇత్తడి గొట్టము మిగులును. చేతితో గడియ లాగెడు తుపాకిలో నది ప్రక్కనే రాలును. తానే మరల తూటా నింపుకొను తుపాకి దానిని వేడివేడిగా, సాధారణముగా కుడివైపునకు, విసరును. ఒకనాడు మా ప్రక్క యువతి మెడలో నట్టిది పడెను. ఆమె తుపాకిమొనను గురివైపునుండి కదల్పక, మీటపైనుండి వ్రేలు తీసి, తుపాకిని క్రింద నుంచి, అటుపిమ్మటనే దానిని దులుపుకొనెను. బొబ్బ మానును, ఉలికిపాటున ప్రక్కకు తిరిగిన తుపాకి ప్రేలినచో నా కీడు మానునా?

కావున మెడ మూయు రవికయు, కంటికద్దములును, అంచుటోపియు ధరింపవలెను. తుపాకిప్రక్క వలసంచి కట్టినచో గొట్టము లందులోనే పడును. పొరుగువారికి బాధ యుండదు. నేలబడినవానిని కాల్పు లాగి, అనుమతి యైన పిదపనే యేరవలెను. వాని కంటిన మసిలో సీస ముండవచ్చును గనుక, సబ్బుతో చేతులు కడుగనిదే బిడ్డల నెత్తుకొనరాదు.