మా కారు కమ్మీ

మా పాత కారు గుంతలో పడితే చాలు, ముందువైపు టకటకమని చప్పుడు. నెల్లూరులో మెకానిక్కు చూసి, ముందు చక్రాలు రెండింటినీ కలిపే స్టెబిలైజర్ కమ్మీకి బుష్షులు అరిగాయన్నాడు. "కమ్మీ తీసేస్తే సరి, బండి మెత్తగా పోతాదమ్మా" అన్నాడు. ఖర్చు తప్పుతుంది కదా అని నేనే మావారిని ఒప్పించాను.

మైపాడు తిరిగొస్తుంటే నిజంగానే హాయిగా ఉంది. ఒక చక్రం గుంతలో దిగినా ఆ కుదుపు రెండోవైపుకి రాలేదు. నడుంనొప్పి మనిషి మా అత్తయ్య కూడా మెచ్చుకున్నారు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం పాత కుదుపే. రెండు చక్రాలూ ఒక్కసారే లేస్తే ఆ కమ్మీ మెలితిరగదు, దానికి పనే ఉండదట.

ఊరు దగ్గరికొచ్చాక మలుపులో ఎదురుగా చేపలబుట్టల సైకిలు! మావారు చటుక్కున స్టీరింగ్ తిప్పారు. కారు పడవలా పక్కకి ఒరిగి, వెనకభాగం జారింది. అత్తయ్య నా ఒళ్ళో పడ్డారు. సైకిలబ్బాయికి ఏమీ కాలేదు, దేవుడి దయ. నాకు మాత్రం కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

మలుపులో బండి ఒరగకుండా ఆపేది ఆ కమ్మీయేనట. ముందుది తీసేస్తే ఆ భారం వెనక చక్రాల మీద పడి, వాటి పట్టు సడలుతుందట. మారుతీ 800లో అయితే చక్రం ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టేది కూడా అదే, తియ్యనే కూడదు. మర్నాడే ఇంకో మెకానిక్కు చేత కొత్త బుష్షులు వేయించి బిగించాం. చప్పుడూ పోయింది.

అత్తయ్య మాత్రం ఇప్పుడు ముందు సీట్లోనే కూర్చుంటున్నారు.