దిగే దారం, తేలే దారం

హార్మోనియం మెట్లు టకటకలాడకుండా వాటి కింద అతికించే మెత్తటి పట్టీ చూసే ఉంటారు. ఆఫీసు స్టాంపు ప్యాడులో సిరా పీల్చుకునేదీ ఆ జాతిదే. అదే ఫెల్ట్. పడుగూ పేకా లేని గుడ్డ. ఉన్ని పోగుల మీద కంటికి ఆనని పొలుసులుంటాయి. వేడినీళ్ళూ సబ్బూ పోసి, ఒత్తి రుద్దుతూ ఉంటే ఆ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఇక వదలవు. మగ్గమే అక్కర్లేదు. నేసిన గుడ్డ కాదు కనుక ఎక్కడ కత్తిరించినా అంచు పోగులు ఊడవు, మడిచి కుట్టాల్సిన పనీ ఉండదు. జార్జెట్ అంచులతో అవస్థపడ్డ వాళ్ళకు ఇదెంత సుఖమో చెప్పనక్కర్లేదు.

ఈ ఫెల్ట్ మీద మిషనుతో కొంత, చేత్తో కొంత కుట్టి గోడకు పెట్టుకునే బొమ్మలు చేస్తుంటాను. చూడవచ్చిన వాళ్ళు సగంమంది "మిషను మీద కుట్టేది కళ ఎలా అవుతుందండీ?" అంటారు. తక్కిన సగం "మిషనుండగా చేత్తో ఎందుకమ్మా అంత శ్రమ?" అంటారు. రెండు ప్రశ్నలకూ ఫెల్ట్ దగ్గరే జవాబుంది.

మిషను కుట్టుకు రెండు దారాలు. పైదారం సూదిలోంచి, కిందిది బాబిన్‌లోంచి వచ్చి గుడ్డ మందంలో మెలేసుకుంటాయి. ఆ బిగింపుకు ఫెల్ట్ అణిగి, కుట్టు వెళ్ళిన మేరా పల్లమవుతుంది. ఫెల్ట్ రంగు దారమే ఎక్కిస్తే దారం కనపడదు, దాని నీడే కనపడుతుంది. చేతికుట్టు సంగతి వేరు. ఒకటే దారం, మనం లాగినంతే బిగుస్తుంది. కాస్త వదులిస్తే ఫెల్ట్ పైన తేలి వెలుగు పట్టుకుంటుంది. పలచటి నూలుగుడ్డ మీద ఈ తేడా అంతగా తెలియదు. ఫెల్ట్ మీద మిషను దారం దిగుతుంది, చేతి దారం తేలుతుంది. నా పనంతా ఈ రెండింటి మధ్యే.

గోదావరి డెల్టాలో నాట్లయిన పొలం తీసుకోండి. గోధుమరంగు ఫెల్ట్ మీద బోదెలన్నీ మిషనుతో వేస్తాను. పక్కపక్కనే రెండు వరసలు కుడితే మధ్యలో మిగిలిన ఫెల్ట్ దానంతటదే ఉబ్బి గట్టవుతుంది. నారు మాత్రం చేత్తోనే. రెండు పోగుల ఆకుపచ్చ దారం, ఒక్కో మొక్కకు ఒక్కో కుట్టు. కొత్తగా నాటిన నారు అంతా ఒక్క తీరుగా నిలబడదు కదా! ఒకటి వాలుతుంది, ఒకటి నిక్కుతుంది. చేతికి సహజంగా వచ్చే ఆ హెచ్చుతగ్గులు అక్కడ సరిగ్గా ఒదుగుతాయి. మిషను పని ముందు, చేతిపని తర్వాత. తిరగేసి చేస్తే తేలాల్సిన దారాలన్నీ మిషను పాదం కింద నలిగిపోతాయి.

మిషనుతో బొమ్మ గీయాలంటే గుడ్డను ముందుకు నెట్టే కింది పళ్ళను దించెయ్యాలి. అప్పుడు గుడ్డ పూర్తిగా మన చేతుల్లో ఉంటుంది. పెన్సిల్‌ను ఒకచోట నిలిపి కింద కాగితాన్ని కదిపి బొమ్మ గీసినట్టు ఉంటుంది ఆ పని. మన ఊళ్ళలో మిషన్ ఎంబ్రాయిడరీ నేర్పేవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. రింగు బిగించి, పాదం తీసేసి దిండుగలీబుల మీద గులాబీలు కుట్టే పద్ధతే. ఫెల్ట్‌కు మాత్రం రింగు వద్దు, దాని అచ్చు పడిపోతుంది. మందం వల్ల సూదితోపాటు ఫెల్ట్ పైకి లేచి కుట్లు తప్పుతాయి కనుక ఎంబ్రాయిడరీ పాదం తప్పనిసరి. పని ముగిశాక ప్లేటు విప్పి, పేరుకున్న నూగును బ్రష్షుతో తుడవాలి.

ఈ గుడ్డ మీద బొమ్మలు కుట్టడం చాలా పాతది. సైబీరియా దక్షిణాన ఆల్టాయ్ కొండల్లో, పజిరిక్ అనే చోట, సమాధి దిబ్బల్లోకి చేరిన నీరు గడ్డకట్టి లోపలివన్నీ చెడకుండా కాపాడింది. 1947-49 మధ్య సెర్గేయ్ రుడెంకో జరిపిన తవ్వకాల్లో ఫెల్ట్ హంసలు, ఆసనంపై కూర్చున్న దేవత ముందుకు గుర్రం మీద వచ్చిన రౌతు బొమ్మలున్న గోడతెర దొరికాయి. రెండువేల ఏళ్ళకు పైబడినవి. ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి.

నాకు వాటికంటే కిర్గిజ్ ఆడవాళ్ళు చేసే షిర్దక్ అనే ఫెల్ట్ తివాచీ మీద మనసెక్కువ. రెండు రంగుల ఫెల్ట్‌లు ఒకదానిమీద ఒకటి పరచి, డిజైను రెండింటినీ కలిపి కోస్తారు. దీనిలో కోసింది దానిలోకి, దానిలో కోసింది దీనిలోకి అమరుస్తారు. ఎర్రటి నేల మీద నల్ల కొమ్ములొకటి, నల్లనేల మీద ఎర్ర కొమ్ములొకటి, రెండు తివాచీలు తయారు. పీలిక కూడా వృథా కాదు! అతుకుల మీద పురిపెట్టిన ఉన్నితాడు కుట్టి, నేలంతా దట్టంగా కుట్లు వేస్తారు. 2012లో యునెస్కో ఈ కళను తక్షణం కాపాడుకోవలసిన వాటి జాబితాలో చేర్చింది.

మనకు దగ్గరి చుట్టం కశ్మీరు నమ్దా. ఆ ఫెల్ట్ మీద గొలుసుకుట్టు వేసే కొక్కెపు సూది ఆరీయే. పెళ్ళి బ్లౌజులకు ఇక్కడ మగ్గం వర్క్ చేసే సూదీ అదే. ఆ పని వచ్చిన అమ్మాయిలు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. వాళ్ళ చేతికి పూసలూ జర్దోసీ తప్ప ఫెల్ట్ అందకపోవడం నాకు నిజంగా బాధ.

సరుకు విషయంలో ఒక జాగ్రత్త. స్టేషనరీ షాపుల్లో అమ్మే రంగురంగుల షీట్లు ఎక్కువగా పాలియెస్టర్‌వి. పిల్లల చేతిపనికి బాగుంటాయి గానీ, ఇస్త్రీపెట్టె వేడికి కరుగుతాయి, ఊడదీసిన కుట్టు చిల్లులు అలాగే ఉండిపోతాయి. ఉన్ని ఫెల్ట్‌కు ఆవిరి పట్టి వేలితో రుద్దితే చిల్లు చాలావరకు పూడుతుంది. అనుమానముంటే చిన్న పీలిక అంటించి చూడండి. జుట్టు కాలిన వాసనతో పొడి బూడిదయితే ఉన్ని, కరిగి గట్టి పూసలా బిగుసుకుంటే ప్లాస్టిక్.

పోటీల్లో, ఎగ్జిబిషన్లలో చేతిపనిని ఒక బల్ల మీద, మిషను పనిని ఇంకో బల్ల మీద పెట్టే అలవాటు మానాలి. ఇంట్లో మూలన మిషను ఉన్నవాళ్ళు జానెడు ఉన్ని ఫెల్ట్ తెచ్చుకోండి. పళ్ళు దించి, మీ ఊరి కాలువ ఒకటి కుట్టండి. దాని గట్టు మీద గడ్డి మాత్రం చేత్తో వెయ్యండి.