అమ్మ చేతి ముద్ద, డాక్టరు గారి గిన్నె

మా పాతపాళ్యలో నన్ను మొట్టమొదట తూచింది శెనక్కాయల మూటలు తూచే కాటా మీద. అప్పుడు నేను ఏడో తరగతి. మండీ ఆయన సరదాకి నన్ను ఎక్కించి, "మూటకు మించి తూగినాడే! బాగా పెంచినారమ్మా" అన్నాడు. మా అమ్మ ముఖం వెలిగిపోయింది. నలభై ఏళ్ళ తరువాత బెంగుళూరు ఆసుపత్రిలో 118 కిలోలు తూగినప్పుడు మాత్రం ఎవరి ముఖమూ వెలగలేదు.

"బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నారట కదా, దానికి ముందూ వెనుకా ఏముంటుందో రాయండి" అని మన పత్రికవారు అడిగారు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, వైద్యం నా సబ్జెక్టు కాదు. నాకు జరిగింది, డాక్టర్లు చెప్పింది చెబుతాను.

మా ఊరు ఎరుగనివారి కోసం ఒక మాట. కర్ణాటకలో బాగేపల్లి వైపు, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది పాతపాళ్య. 2007 దాకా మాది కోలారు జిల్లా, ఇప్పుడు చిక్కబళ్ళాపురం. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, రెండు చోట్లా రాగి ముద్దే. ముద్ద మంచిదే, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. పొలంలో దుక్కి దున్నేవాడికి కట్టిన కొలతను, రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చునే ఆఫీసరు తినడంలోనే ఉంది చిక్కు.

నలభై దాటగానే షుగరు, తరువాత బీపీ. యాభై దాటేసరికి ఇన్సులిన్ సూదులు. నడకలు, చపాతీలు, మెంతుల నీళ్ళు అన్నీ అయ్యాయి. పది కిలోలు తగ్గితే పన్నెండు పెరిగేవి. అసలు భయం వేసింది 2022లో. ఊరినుంచి తిరిగి వస్తూ దేవనహళ్ళి దగ్గర, కారు స్టీరింగు చేతిలో ఉండగానే కునుకు పట్టింది. పక్కన మా ఆవిడ అరిచిన అరుపుకు మెలకువ వచ్చింది. ముందున్న లారీకి మా బానెట్టుకు మధ్య ఎంత చోటు మిగిలిందో ఆవిడ ఇప్పటికీ చేతులతో చూపిస్తుంది. పరీక్ష చేస్తే స్లీప్ ఆప్నియా అన్నారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వస్తోందట. రాత్రి నిద్ర నిద్ర కాకపోవడంతో పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు.

ఆపరేషన్ మాట ఎత్తింది ఆ డాక్టరే. నేను విన్న వెంటనే వద్దన్నాను. ఆర్తి అగర్వాల్ సంగతి మనసులో మెదిలింది. "నువ్వు నాకు నచ్చావ్" నాయిక 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయినప్పుడు, కొన్ని వారాల ముందు ఆమెకు కొవ్వు తీసే లైపోసక్షన్ జరిగిందని పేపర్లలో వచ్చింది. డాక్టరు ఓపికగా విడమరిచి చెప్పారు. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేయడం, అది ఒంటి ఆకృతి కోసం చేసేది. ఇది వేరు. ఇందులో పొట్టను చిన్నది చేస్తారు, లేదా పేగు దారి మళ్ళిస్తారు. 1966లో అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ ఈ బైపాస్‌ను మొదలుపెట్టారట. మన నాయకుల్లో నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో ఇటువంటి ఆపరేషనే చేయించుకున్నారు.

ఎవరికి చేస్తారన్నది ఒక లెక్క. కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. నాకు 118ని 1.68తో రెండుసార్లు భాగిస్తే దాదాపు 42. 1991లో అమెరికావాళ్ళు పెట్టిన గీత 40. షుగరు వంటి జబ్బులుంటే 35. 2022లో సర్జన్ల సంఘాలు ఈ గీతను దించి 35, 30 చేశాయి. మన ఆసియావాళ్ళకు తక్కువ బరువుకే షుగరు వస్తుంది గనుక ఇంకా దించవచ్చన్నాయి. ఇక్కడ బ్యాంకువాడిగా ఒక హెచ్చరిక చేయాలి. డాక్టరు గీత, బీమా గీత ఒకటి కావు. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన నిబంధనల్లో ఉన్నవి పాత 40, 35 అంకెలే. 35కు తోడు గుండెజబ్బో, తీవ్రమైన ఆప్నియానో, అదుపులో లేని షుగరో ఉండాలి, డాక్టరు సలహా ఉండాలి. పాలసీ కాగితాల్లో ఈ క్లాజునూ, ఎన్నేళ్ళు ఆగాలన్నదానినీ ముందే చదువుకోండి. నేను మంజూరు ఉత్తరం చేతికి వచ్చాకే ఆసుపత్రిలో చేరాను.

ఆపరేషన్ ముందు పరీక్షలు ఒక పెద్ద తతంగం. రక్తం, థైరాయిడ్, గుండె, పొట్ట స్కానింగు, నోట్లోంచి గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ అన్నీ చేశారు. నాకు షుగరుతో పాటు పుల్లతేన్పుల బాధ కూడా ఉండడంతో, పొట్టను గొట్టంలా కోసే స్లీవ్ కంటే బైపాస్ మేలన్నారు. తరువాత మనస్తత్వ నిపుణురాలి దగ్గరకు పంపారు. నా కూతురి వయసు. "దుఃఖం వస్తే ఏం చేస్తారంకుల్?" అని అడిగింది. "తింటాను" అన్నాను. "సంతోషం వస్తే?" అంది. నవ్వబోయి ఆగిపోయాను. మా నాన్న పోయిన పదకొండో రోజున ఎన్ని వడలు తిన్నానో ఆ నిమిషంలో గుర్తుకొచ్చింది. అన్ని పరీక్షల్లోకీ అదే కష్టమైన పరీక్ష.

చివరి రెండు వారాలు అన్నం, రాగి, చక్కెర బంద్. ప్రొటీన్ పొడి, మజ్జిగ, కూరలు మాత్రమే. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం అలా చేస్తే కొంత కుదించుకుంటుంది, దానికింద ఉన్న పొట్టను చేరడానికి సర్జనుకు దారి దొరుకుతుంది. కుట్టు దగ్గర కారడం, రక్తస్రావం, కాళ్ళలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు పోవడం, ఇవి అపాయాలు. ప్రాణాపాయం వెయ్యికి ఒకటి రెండు అన్నారు. సంతకం పెడుతుంటే చెయ్యి వణికింది. ఎన్నో వందల లోన్లకు హామీ సంతకాలు తీసుకున్నవాణ్ణి, అవతలివాళ్ళ చెయ్యి ఎందుకు వణుకుతుందో ఆ రోజు తెలిసింది.

అమ్మకు చెప్పలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, బెంగపడుతుందని. ఇది నేను చేసిన తప్పు.

2023 జనవరిలో ఆపరేషన్ జరిగింది. పొట్ట మీద అయిదు చిన్న రంధ్రాలు. సాయంత్రానికే లేపి నడిపించారు, రక్తం గడ్డకట్టకుండా. నొప్పి పొట్టలో కంటే భుజంలో ఎక్కువ, లోపల నింపిన గ్యాసు వల్లనట. మందు కొలిచే 30 మిల్లీల గిన్నె ఒకటి చేతికిచ్చి, "ఇంచుమించు ఇదే ఇప్పుడు మీ పొట్ట" అన్నారు నర్సమ్మ. దానితోనే గుక్క గుక్కగా నీళ్ళు. రెండు వారాలు ద్రవాలు, ఆపైన మెత్తగా రుబ్బినవి, ఆపైన మెత్తనివి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్. తింటూ నీళ్ళు తాగకూడదు, అరగంట ఆగాలి. ఇన్సులిన్ ఇల్లు చేరకముందే ఆగింది. నాకు నమ్మకం కుదరక రోజుకు నాలుగుసార్లు వేలు పొడుచుకుని చూసుకునేవాణ్ణి.

ఉగాదికి ఊరికి వెళ్ళాను, ఇరవై కిలోలు తగ్గి. గడపలో నన్ను చూసి అమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది. "ఏమైంది నాయనా, ఇట్లయిపోతివి?" అంది. ఊళ్ళో అప్పటికే క్యాన్సరని ఒకరు, షుగరు ముదిరిందని ఒకరు అనుకుంటున్నారట. ముద్ద పెట్టి, అనపగింజల పులుసు పోసింది. రెండు చెంచాలు తిని చెయ్యి ఆపాను. అప్పుడు చెప్పక తప్పింది కాదు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "పొట్ట కోయించుకుంటివా? నేను పెట్టిందానికా?" అంది చివరకు.

జీన్సు, హార్మోన్లు అని డాక్టరు చెప్పినవన్నీ చెప్పాను. ఆమె తలూపింది గానీ విన్నది వేరని ముఖం చూస్తే తెలిసింది. మర్నాడు పొద్దున్నే పల్చగా రాగి అంబలి కాచి, మజ్జిగ కలిపి, కాఫీ లోటాలో సగం పోసి తెచ్చింది. "ఇంతైతే పోతుందా?" అని అడిగింది.

తరువాతి సంగతులు అంత అందంగా లేవు. నాలుగో నెలలో జుట్టు పిడికిళ్ళతో ఊడింది, మళ్ళీ వచ్చింది లెండి. చేతుల కింద, పొట్ట మీద చర్మం వేలాడుతోంది, అది అలాగే ఉంటుంది. ఒక పెళ్ళిలో మొహమాటానికి రెండు ఓళిగలు తిన్నాను. పది నిమిషాల్లో చెమటలు, గుండె దడ, కడుపులో మెలి. కారులో పడుకోవలసి వచ్చింది. తీపి ఒక్కసారిగా పేగులోకి జారితే అంతేనట, దీన్ని డంపింగ్ అంటారు. మోకాలి నొప్పికి మామూలు బిళ్ళలు కూడా మింగరాదు, కుట్టు దగ్గర పుండు పడుతుంది. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం వేసుకోవాలి, ఏటా రక్తపరీక్ష తప్పదు. "తగ్గిపోయాను కదా" అని మానేసినవాళ్ళు రెండు మూడేళ్ళకు రక్తహీనతతో, కాళ్ళ తిమ్మిర్లతో తిరిగి వస్తారని డాక్టరు గారి మందలింపు. ఏడాదికి 82 కిలోలకు దిగాను. ఇప్పుడు 85. ఆ మూడు కిలోలు ఎలా వచ్చాయో నాకూ, మా ఆఫీసు పక్క బేకరీకీ తెలుసు.

2025 ఉగాదికి మళ్ళీ అందరం చేరాం. మా తమ్ముడు 110 కిలోలు, వాడికీ షుగరు. భోజనాలకు ముందు నన్ను పెరట్లోకి పిలిచి, "అన్నా, మన దేశంలోకి కొత్త సూదిమందు వచ్చిందంట కదా, వారానికొకటి. అదా, నీ మాదిరి ఆపరేషనా, ఏది మేలు?" అని మెల్లగా అడిగాడు. "సూది ఆపితే బరువు చాలావరకు తిరిగొస్తుందంటున్నారు, డాక్టరు దగ్గరకు నేనూ వస్తాను పద" అంటున్నాను. వెనక అమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. ఆకులు వేసింది. నాకు నిమ్మకాయంత ముద్ద పెట్టింది, ఎప్పటి మాదిరే. తమ్ముడి ఆకులో మామూలు ముద్ద పెట్టబోయి, ఆగి, దాన్ని చేత్తోనే సగానికి తుంచి సగం తిరిగి గిన్నెలో వేసేసింది. వాడు నావైపు చూశాడు.

"తినరా, నమిలి తిను" అంది అమ్మ.