కాపురానికి ఏ ఊరు?

ఉద్యోగం నుంచి దిగాక పుదుచ్చేరిలో ఉందామని మా ఆవిడ, మైసూరులో ఉందామని నేను. రెండూ చుట్టపుచూపుగా చూసిన ఊళ్లే. కాపురం ఉండాలంటే ఆ చూపు చాలదు కదా. కూరగాయలు ఎక్కడ కొంటారు, నీళ్లు ఎలా వస్తాయి, శనివారం రాత్రి వీధి ఎలా ఉంటుంది? ఈసారి ఇవి చూడటానికే బయల్దేరాం.

పుదుచ్చేరిలో మా వియ్యంకుడిగారి బాల్యస్నేహితుడి ఇంట్లో దిగాం. ఆయనది యానాం. కాకినాడకు దగ్గర్లో, గౌతమి ఒడ్డున ఉన్న యానాం పుదుచ్చేరి పాలనలోనిదే కాబట్టి అక్కడి సర్కారు ఉద్యోగులకు ఇంతదూరం బదిలీలవుతుంటాయి. ఈయన అలా వచ్చి, ఇక్కడే ఇల్లు కొనుక్కుని ఉండిపోయారు. "ఆయ్, రండి చెల్లెమ్మా" అని మా ఆవిణ్ణి పిలిచిన తీరుకే మాకు సగం అలసట తీరింది.

తమిళపేటలో పాతకాలపు ఇల్లది. వీధి వైపు ఎత్తరుగు, దానిమీద చెక్క స్తంభాలు, లోపల ఆకాశం కనబడే మండువా. ఆ అరుగుమీద కూర్చునే మేం పుదుచ్చేరిని ఎక్కువగా చూశాం. పొద్దున్నే పూలమ్మే ఆమె, ఆ వెనక పాలాయన, పదింటికి ఎదురింటి ముసలాయన పేపరు పట్టుకుని హాజరు. మధ్యాహ్నం ఇంటావిడ పెద్ద మార్కెట్టు నుంచి తెచ్చిన వంజరంతో పులుసు పెట్టారు. ఊరు మారి ముప్పై ఏళ్లు దాటినా ఆవిడ పులుసులో చింతపండు పాలు, బెల్లంముక్క మారలేదు. సముద్రపు చేపకు గోదావరి చేప రుచి రాదని ఆవిడ దిగులు. మేం మాత్రం రెండోసారి అన్నం పెట్టించుకున్నాం.

తెల్లవారుజామున ఆయనతో కలిసి బీచి రోడ్డుకు నడిచాను. సాయంత్రం 6 నుంచి ఉదయం 7:30 దాకా అక్కడికి బండి ఏదీ రాకూడదు. నడకకు ఇంత మర్యాద ఇచ్చే సముద్రపు ఒడ్డు మన దగ్గర ఎక్కడుంది? గాంధీ విగ్రహం దాటాక ఆయన రాళ్లగుట్టల వైపు చూపించి, "నేనొచ్చిన కొత్తల్లో ఇక్కడంతా ఇసకేనండీ" అన్నారు. 1989లో దక్షిణాన హార్బరు కట్టాక, తీరం వెంట ఉత్తరానికి కదిలే ఇసకకు దారి మూసుకుపోయింది. ఉన్న ఇసకను అలలు తీసుకుపోయాయి. ఊరు కొట్టుకుపోకుండా రాళ్లు పోశారు. ఇటీవల నీటిలో అడ్డు కట్టి సచివాలయం ముందు కొంత ఇసకను మళ్లీ రప్పించారు. పిల్లలు అక్కడ ఆడుకుంటుంటే ఆయన చాలాసేపు కదల్లేదు.

తిరిగి వస్తూ రంగపిళ్ళై వీధిలో నేనే ఆగాను. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసి, తమిళంలో ఏళ్ల తరబడి దినచర్య రాసిన ఆనందరంగ పిళ్ళై 1738లో కట్టించిన ఇల్లు అక్కడుంది. కస్తూరి రంగకవి తెలుగు ఛందోగ్రంథం 'ఆనందరంగరాట్ఛందము' ఈయన పేరుమీదే వెలిసింది. మన పద్యలక్షణాలకు ఈ సముద్రతీరపు వర్తకుడు పోషకుడయ్యాడన్న సంగతి నాకు ఎప్పుడూ ఇష్టమే.

కాలువకు అవతల, ఫ్రెంచివాళ్లు ఉండిన పేట సంగతి వేరు. పసుపు గోడలు, కాగితంపూల తీగలు, వీధి మలుపుల్లో ఫొటోలు. ఒక్కో గుమ్మం ముందు ఆగి అక్కడ ఎవరుండేవారో ఆయన చెప్పారు: ఇది ఒక మేష్టారిది, అది ఫ్రాన్సు నుంచి పింఛను అందుకునే సిపాయిది. ఇప్పుడవి చాలావరకు హోటళ్లు, కాఫీ దుకాణాలు. పాతబస్తీ చిన్నది, ఈ చివర నుంచి ఆ చివరకు అరగంట నడక. అందులోనే ఊరివాళ్లూ ఉండాలి, వచ్చేవాళ్లూ పడుకోవాలి. శనివారం చీకటిపడేసరికి చెన్నై, బెంగళూరు కార్లు అరుగుల దాకా వచ్చి ఆగాయి. ఆయన స్కూటరు బయటికి తీయనేలేదు. నీళ్ల మాటకొస్తే, ఊరంతా భూగర్భజలాలమీదే ఆధారం. తీరం దగ్గర ఉప్పు చేరుతోంది. తాగడానికి వాళ్లింటికి క్యాన్లు వస్తాయి.

అక్కడినుంచి బెంగళూరు మీదుగా మైసూరు చేరాం. దిగగానే ఒంటికి తెలిసింది. ఊరు సముద్రమట్టానికి 760 మీటర్ల పైన ఉంది, చొక్కా ఒంటికి అంటుకోలేదు.

సరస్వతీపురంలో ఒకరి మేడమీద వాటాలో ఉన్నాం. ప్యాలెస్ చూసే జనం ఆ పేటకు రారు. చాముండి కొండ, ప్యాలెస్, బృందావన్ గార్డెన్స్ చూసి బస్సులు వెళ్లిపోతాయి, ఊరు తన పని తాను చేసుకుంటుంది. ఇది ఊరికే జరగలేదు. ప్లేగు కాలం తర్వాత, 1903లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ బోర్డు కోటకు దూరంగా వెడల్పు వీధులతో కొత్త పేటలు వేస్తూ పోయింది. కుళాయిలో కావేరి, కబిని నీళ్లు. పొద్దున్నే కుక్కరహళ్లి చెరువు గట్టుమీద నడిస్తే గూడబాతులు కనిపించాయి. ఆదివారం రాత్రి ప్యాలెస్‌మీద లక్షకు దగ్గరగా బల్బులు వెలుగుతుంటే మా ఇంటివాళ్లు టీవీ ముందు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

దేవరాజ మార్కెట్టులో మాత్రం రెండు లోకాలూ కలుస్తాయి. విదేశీయులు కుంకుమ రాశులను ఫొటో తీస్తుంటే, పక్కనే ఊరివాళ్లు తమలపాకులు, మల్లెలు, నంజనగూడు రసబాళె అరటిపళ్లు బేరమాడుతున్నారు. 2016లో దీని ఉత్తర ద్వారం వైపు కొంత కూలింది. దాన్ని బాగుచేసి నిలపాలా, పడగొట్టాలా అని తర్వాత ఏళ్లపాటు గొడవ నడిచింది. నిలపాలనే నేనంటాను. సంచి పట్టుకుని వచ్చే ఇల్లాలు ఇంకా కనిపించే బజారు అది.

మైసూరుకూ ముప్పు లేకపోలేదు. 2023లో బెంగళూరు ఎక్స్‌ప్రెస్ రహదారి తెరిచాక శని, ఆదివారాల రద్దీ పెరిగిందని, అద్దెలూ పెరిగాయని ఇంటాయన చెప్పారు. దసరా పది రోజులు ఇల్లు కదలలేమట.

నీళ్ల దగ్గర మా ఆవిడ మనసు మారింది. కాపురానికి మైసూరే. పుదుచ్చేరికి ఏటా వెళ్తాం, వారం మధ్యలో, ఆ యానాం వాళ్లింటికి. మీరూ ఇలాంటి ఊళ్లో ఇల్లు తీసుకోవాలనుకుంటే బయానా ఇచ్చే ముందు ఒక శనివారం రాత్రి ఆ వీధిలో నిద్ర చేయండి.