పల్నాటి ఎండల్లో బడ్జీ చిలకలు

చిలకలు పెంచితే నెలనెలా డబ్బులని యూట్యూబ్‌లో వీడియోలు తెగ తిరుగుతున్నాయి. మిరప ధర పడిపోయాక మనవాళ్ళ చూపు కూడా అటు పోయింది. రెండేళ్ళ నుంచి ఈ పిట్టలతో తంటాలు పడుతున్నా కాబట్టి రాస్తున్నా.

ముందు ఒక మాట. చిలకలంటే మన జొన్నచేలో వాలే రామచిలకలు కావు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని పట్టినా, పంజరంలో పెట్టినా, అమ్మినా నేరమే. తాటిచెట్టు తొర్రలోంచి పిల్లల్ని దించి తెచ్చి ఇస్తామని వచ్చేవాళ్ళుంటారు, వాళ్ళ జోలికి పోవద్దు. నేను పెంచేవి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జీలు. బజారులో లవ్‌బర్డ్స్ అని అమ్మేస్తారు గానీ, అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి, అవి వేరే జాతి.

జత 500 లెక్కన రెండు జతలు తెచ్చా. ఒక జత నాలుగు నెలలైనా గుడ్డు పెట్టలేదు. చూస్తే రెండూ మగవే! ముక్కు మీద చిన్న తోలు ఉంటది. ఎదిగిన మగదానికి నీలంగా, ఆడదానికి గోధుమరంగులో ఉంటది. పిల్లలప్పుడు తేడా తెలియదు, అమ్మేవాడు జతేనంటాడు. నుదుటి మీద చారలు ముక్కుదాకా ఉంటే అది ఇంకా పసిది. ఏడాది దగ్గర పడిందాకా కుండ కట్టకూడదు.

రెండో జత కుండలో గుడ్లు పెట్టింది. కోడి లాగా కాదు, రోజు విడిచి రోజు ఒకటి, మొత్తం అయిదు. మొదటి గుడ్డు నుంచే పొదుగుతది. ఒక్కో గుడ్డుకి 18 రోజులు. అందుకే పిల్లలు కూడా రోజు విడిచి రోజు బయటికొస్తాయి. పెద్దది బొద్దుగా తయారయ్యేసరికి ఆఖరుది ఇంకా కందిగింజంత తలకాయతో ఉంటది. మేతకి పోటీ పడలేక ఆ ఆఖరుది చచ్చిపోయింది. ఇంకోదాన్ని చీమలు తినేశాయి. అప్పట్నించి పంజరం కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెడుతున్నా. మిగిలిన మూడూ అయిదు వారాలకు కుండ దిగాయి.

మన దగ్గర అసలు శత్రువు ఎండ. రెంటచింతల పేరు పేపర్లో ఎందుకొస్తదో మీకు చెప్పక్కర్లేదు. రేకుల కింద పంజరం పెడితే కుండ పొయ్యి మీద పెట్టినట్టే. మార్చి వచ్చేసరికి కుండలు దించేస్తా, ఆడా మగా వేరు చేస్తా. వేపచెట్టు నీడ, తడి గోనెపట్టాలు, రోజుకి రెండు మూడుసార్లు చల్లటి నీళ్ళు.

కొర్రలు, సజ్జలు మనకి కొత్త కాదు. కొత్తిమీర, పాలకూర పెడితే ఇష్టంగా తింటాయి. కానీ మిరపచేను గట్టున మొలిచిన ఆకు మాత్రం వద్దు. మనం కొట్టే మందులకి గుప్పెడంత పిట్ట ఎంత? ఇంటి దగ్గర తొట్టిలో వేరుగా వేసుకోండి. సముద్రపు నురుగు ముక్క ఎప్పుడూ పంజరంలో ఉండాలి, గుడ్డు పెంకుకి సున్నం కావాలిగా. అది ఉన్నా కూడా పోయిన సంక్రాంతికి ఒక పెట్ట గుడ్డు అడ్డం పడి, ఈకలు ఉబ్బించుకుని అడుగున కూర్చుంది. పశువుల డాక్టరు గారు పాపం, "గేదె అయితే చూస్తాను గానీ పెద్దాయనా, ఈ పిట్ట నావల్ల కాదు" అన్నారు. తెల్లారేసరికి పోయింది. ఆ మగది రెండ్రోజులు గింజ ముట్టలేదు.

మా ఊళ్ళో ఒక కౌలు కుర్రాడు వచ్చి, "మామా, వడ్డీకి తెచ్చి యాభై జతలు పెడతా" అన్నాడు. కౌలు అప్పే తీరలేదు వాడికి. కూర్చోబెట్టి నా పుస్తకం చూపించా. కొట్లో కొనేటప్పుడు జత 500, మన పిల్లల్ని తీసుకెళ్తే సగం కూడా ఇవ్వరు. గింజలు, జాలీ, కుండలు పోను ఏడాదిలో నాకు మిగిలింది 1,400. చచ్చినవి లెక్కేసుకుంటే అదీ లేదు. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి నువ్వెందుకు పెంచుతున్నావ్ మామా?" అన్నాడు. పొద్దున్నే వాటి గోల వినకపోతే నాకు తోచదురా అన్నా.

అప్పు మాట మానేశాడు. ఎదిగిన జత ఒకటి నా దగ్గరే తీసుకెళ్ళాడు, డబ్బులు పంట వచ్చాక ఇస్తానన్నాడు. కుండ మాత్రం దసరా దాటాక కట్టమని చెప్పా.