జ్వరం 100.4
మా గుడి వంటింట్లో నాతో పనిచేసే అక్కయ్యగారికి లింఫోమా. కీమో ముందు నర్సు ఇంగ్లీషులో చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. నేను చదివింది ఇంగ్లీషు మీడియం. న్యూట్రోఫిల్స్‌కి తెలుగు మాట నాకు రాదు. అందుకని "ఒంట్లో కాపలా కాసే తెల్లకణాలు" అన్నాను. కీమో అయిన 7 నుంచి 14 రోజుల్లో అవి బాగా తగ్గిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 ఉంటే అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యాలి. ముందే టైలెనాల్ వేసుకోకూడదు. జ్వరం దాగుతుంది, ఇన్ఫెక్షన్ పోదు.

"ఒళ్ళు కాస్త వెచ్చబడితే పిల్లల్ని నిద్ర లేపనా? మిరియాల కషాయం తాగి పడుకుంటా" అన్నారు ఆవిడ.

అది నర్సుకి చెప్పాను. ఆమె నవ్వలేదు. "తెల్లారేదాకా ఆగితే ప్రాణానికే ముప్పు అని చెప్పండి" అంది. చెప్పాను. తర్వాత ఆవిడనే తిరిగి చెప్పమంది: ఎంత జ్వరం, ఎవరికి ఫోన్, ఏ మాత్ర వద్దు. "అర్థమైందా" అంటే మనమందరం తల ఊపుతాం. తిరిగి చెప్పమంటేనే తెలుస్తుంది.

రెండో కీమో తర్వాత పదో రోజు, రాత్రి రెండు గంటలకి ఆవిడ కొడుకుని లేపారు. జ్వరం 100.9. ఆస్పత్రిలో వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించారు. అయిదో రోజున ఇంటికి వచ్చారు.

వచ్చే వారం మూడో కీమో. ఈసారి తిరిగి చెప్పమని నేనే అడుగుతాను.